గోరీ రక్తంలో చక్కెర

షుగరట, పిల్లికి షుగర్ వచ్చిందట, ఎంత తేలిగ్గా చెప్పేశాడు ఆ విద్యాసాగర్ డాక్టర్, చేతులు కడుక్కుంటూ, నా వైపు చూడకుండా, గోడ మీది అద్దంలో తన మెడలోని గులాబీ కండువా సర్దుకుంటూ, మూడువందల పన్నెండు ఉన్నదమ్మా, ఇగ రోజుకు రెండు పూటల సూది ఇచ్చుడే, గది చేతకాదంటే ఇంకో సూది ఉన్నది, అది ఒక్కసారే అన్నాడు, ఆ ఒక్కసారి సూది చంపేసే సూది అని అర్థం కావడానికి నాకు క్షణం పట్టింది, అది నిన్నటి మాట, నిన్నటి నుంచి చెవిలో ఈగలా తిరుగుతూనే ఉంది, ఇప్పుడు ఈ వంటింట్లో, తేజస్విని డాక్టరమ్మ వంటింట్లో గచ్చు మీద కాళ్ళు చాపుకుని, పక్కన గంప పెట్టుకుని కూర్చున్నా తిరుగుతోంది, గంపలో గోరీ ఉంది, తెల్లగా ఉంటుందని ఆ పేరు పెట్టుకున్న నా పిల్లి, నా పాత చీర ముక్కను చుట్టూ కుప్పలా చేసుకుని పడుకుంది, దాని వెనక కాలు లోపలివైపు రూపాయి బిళ్ళంత మేర వెంట్రుకలు చిన్న కత్తెరతో తీసి తేజస్విని ఏదో తెల్లటి క్రీము రాసింది, పైన పల్చటి ప్లాస్టిక్ కాగితం, దాని మీద మెత్తటి గుడ్డ చుట్టి, అక్కా, ఇగ అర్ధగంట ఊకె కూసోవాలె, తోలు మొద్దుబారుతది, గప్పుడు సూది పోయింది గూడ దానికి తెల్వది అంది, అర్ధగంట, నిన్న ఆ క్లినిక్కులో అర్ధ నిమిషం కూడా ఎవరూ ఆగలేదు, ఆగమని అడిగిన నన్నే బయటికి పంపారు.

వరండాలోనే రెండు కుక్కలు ఉన్నాయక్కడ, ఒకటి గొలుసు తెంపుకునేంతగా మొరుగుతోంది, ఆ మొరుగుడుకు గోరీ గంప అడుగున ముద్దయిపోయింది, లోపలికి పిలిచారు, కాంపౌండర్ మూత తీసి చేయి పెట్టాడు, అది గంపను కరుచుకుని రాకపోయేసరికి గంపనే బోర్లించాడు, వంకాయలు కుమ్మరించినట్టు, ఇనుప బల్ల మీద దాని గోళ్ళు జారిన చప్పుడు నా పళ్ళలోకి దిగింది, సార్, జర మెల్లగ, నా ఒళ్ళో కూసుంటది, నేను పట్టుకుంట అన్నాను, ఆయన వినలేదు, కాంపౌండర్ ఒక చేత్తో మెడ మీది తోలు పిడికిట బిగించాడు, ఇంకో చేత్తో వెనక కాళ్ళు రెండూ కలిపి లాగాడు, డాక్టర్ గడ్డం కింద వేళ్ళు పెట్టి తలను వెనక్కి విరిచాడు, బల్ల అంచు మీద నా పిల్లి గుంజి కట్టిన తాడులా సాగింది, నువ్వు బయట కూసో అమ్మా, మీరు దగ్గరుంటెనే ఇయి నఖరాలు చేస్తయి అన్నాడు, నఖరాలు, మెడలో సూది దిగుతుంటే వద్దు అనడం నఖరాలు, నేను బయటికి పోలేదు, తలుపు దగ్గర నిలబడ్డాను, ఒకసారి గుచ్చాడు, రాలేదు, సూది బయటికి తీయకుండా లోపలే అటూ ఇటూ తిప్పాడు, రాలేదు, మళ్ళీ గుచ్చాడు, గోరీ అరిచిన అరుపు పిల్లి అరుపులా లేదు, బల్ల మీద పోసుకుంది, కాంపౌండర్ ఛీ అని చేయి ఇంకా బిగించాడు, మూడోసారికి గోరీ కదలడం మానేసింది, కళ్ళు పూర్తిగా నల్లబడి, నాలుక కొస బయటికి వచ్చి, కొయ్యముక్కలా పడి ఉంది, చూసినవా, అలవాటైంది అన్నాడు విద్యాసాగర్, చాలా సంతోషంగా, రక్తం ఎక్కుతున్న సిరంజిని చూసుకుంటూ.

అలవాటైందట, ఆ మాట దగ్గరే నా తల మండింది, ఎందుకంటే పోయిన వారం నేను కూడా అలాగే అలవాటైపోయాను, తెలంగాణ రాష్ట్రం కోసం చేస్తున్న సమ్మెలో, రైలు పట్టాల మీద, టీచర్లం, ఆఫీసుల వాళ్ళం, మున్సిపాలిటీ ఊడ్చే ఆడవాళ్ళం అందరం కలిసి కూర్చున్నాం, ఎండకు పట్టాలు కాలుతున్నా కొంగులు పరుచుకుని కూర్చున్నాం, పోలీసులు వచ్చారు, లేవమన్నారు, నేను లేస్త అన్నాను, నిజంగానే అన్నాను, నేనే లేస్త, నన్ను ముట్టకుండ్రి, నా కాళ్ళ మీద నేను నడుస్త అని గట్టిగానే అన్నాను, ఎవరికీ వినపడలేదు, లేదా వినపడింది, నలుగురు పట్టుకున్నారు, చెరో చేయి, చెరో కాలు, చీర కుచ్చిళ్ళు ఎక్కడికి పోయాయో తెలియదు, ఆకాశం ఒక్కటే కనబడింది, ముప్పై మంది పిల్లలకు సోషల్ పాఠం చెప్పే మనిషిని, చాందీ టీచర్ అంటే జనగామలో నాలుగు వీధులకు తెలుసు, నన్ను బియ్యం బస్తాలా మోసుకుపోయి వ్యాన్‌లో పడేశారు, చంకల కింద గుర్తులు ఇప్పటికీ పచ్చగానే ఉన్నాయి, వ్యాన్‌లో నేను కిక్కురుమనలేదు, ఎదురుగా కూర్చున్న పోలీసామె, ఈ టీచర్ మంచిగున్నది, లొల్లి చేస్తలేదు అని పక్కామెతో చెప్పింది, మంచిగున్నానట, కాబట్టి బల్ల మీద గోరీ కొయ్యబారిన క్షణంలో దాని లోపల ఏముందో నాకు తెలుసు, ఎవరూ నాకు చెప్పనవసరం లేదు, ఆ డాక్టర్‌కు మాత్రం తెలియదు, చదువుకుని కూడా తెలియదు, పోనీ ఆయన పరాయివాడా అంటే కాదు, మనవాడే, సమ్మె మొదలైన నాడు దీక్షలో కూర్చున్న వాళ్ళకు నిమ్మరసం ఇచ్చింది ఆయనే, మైకులో ఆత్మగౌరవం గురించి మాట్లాడింది ఆయనే, ఆత్మగౌరవం అనే మాట ఆయన నోట ఎంత గుండ్రంగా వస్తుందో, నేను కూడా చప్పట్లు కొట్టాను.

నిన్న రాత్రి కాకముందే, దీపాలు పెట్టే వేళకు, మా ఆయనకు ఫోన్ చేశాను, బీక్యా భూపాలపల్లి గనిలో పనిచేస్తాడు, పెళ్ళయిన నాటి నుంచి ఆయన అక్కడ క్వార్టర్‌లో, నేను ఇక్కడ అద్దె గదిలో, ట్రాన్స్‌ఫర్ కోసం తిరగని ఆఫీసు లేదు, మహబూబాబాద్ అవతల మా తండాలో పుట్టిన ఈ పిల్లిని మా అన్న తావుర్యా సంచిలో పెట్టి ఇచ్చాడు, ఒంటరిగ ఉంటవ్, తీస్కపో, తలుపు తీసినప్పుడు ఎదురొస్తది అన్నాడు, ఎదురొచ్చేది, నెల రోజుల నుంచి రావడం లేదు, నీళ్ళ గిన్నె దగ్గరే కూర్చుంటోంది, తిండి సరిగా ముట్టదు, పక్కటెముకలు చేతికి తగులుతున్నాయి, అందుకే కదా డాక్టర్ దగ్గరికి తీసుకుపోయింది, ఫోన్‌లో అదంతా చెప్పబోతే బీక్యా నవ్వాడు, పిల్లికి షుగరా, ఇగ బీపీ గూడ వస్తది చూడు, ఇక్కడ మేం బొగ్గు బంద్ చేసి కూసున్నం, ఢిల్లీ దాక చీకటి చేస్తం అంటే నువ్వు పిల్లి ముచ్చట చెప్తవేంది చాందీ అన్నాడు, నాకు ఒళ్ళు మండిపోయింది, చీకటి ఢిల్లీల లేదు, నా ఇంట్ల ఉన్నది, నువ్వు బొగ్గు తవ్వకపోతివి, ఇక్కడ కరెంట్ లేదు, పక్కింటోళ్ళ ఫ్రిజ్జుల పెట్టిన దాని మందు కరాబైతాంది, గది ఆలోచించినవా అన్నాను, అప్పుడు మెల్లగా, బతుకుతదా అని అడిగాడు, తెల్వదు అని పెట్టేశాను, మొదట నవ్వింది ఎందుకు, బతుకుతుందా అని మొదటే అడగడానికి ఏమొచ్చింది, ఎవరికీ ఒకేసారి రెండు నొప్పులు పట్టవు కాబోలు, పెద్ద నొప్పి ఒకటి దొరికితే చిన్న నొప్పిని చూసి నవ్వొచ్చు.

ఈ రోజు పొద్దున్నే సూది ఇవ్వాలి, ఇవ్వలేకపోయాను, సిరంజి చేతిలోకి తీసుకోగానే గోరీ బీరువా మీదికి ఎక్కి గోడకు ఆనుకుని కూర్చుంది, నన్ను చూసి, నన్నే చూసి, చెవులు వెనక్కి వంచి బుస్సుమంది, ఆరేళ్ళలో నా మీద ఎప్పుడూ చేయలేదు ఆ చప్పుడు, చాలాసేపటికి తనంతట తనే దిగింది, దిగి గంపలోకి పోయి పడుకుంది, ఆ గంప అలాగే ఎత్తుకుని దీక్షా శిబిరానికి పోయాను, తేజస్విని అక్కడ ఉంటుందని తెలుసు, సర్కారు పశువుల డాక్టర్, చిన్నపిల్ల, ఉద్యోగంలో చేరి రెండేళ్ళు కాలేదు, అందరితోపాటు సమ్మెలో కూర్చుంది, అందరూ గంపలోకి తొంగి చూసి షుగర్ ఎంతుందట అని అడిగారు, ఆమె మాత్రం, రక్తం ఎట్ల తీసిండ్రక్కా అని అడిగింది, మొత్తం చెప్పాను, మెడ, కాళ్ళు, మూడుసార్లు, చెబుతుంటే ఆమె ముఖం బిగుసుకుపోయింది, ఇన్సులిన్ ఇయ్యలే కద, ఇయ్యకు, అస్సలు ఇయ్యకు, నాకో అనుమానం ఉన్నది, మళ్ళ ఒక్కసారి చూద్దాం, కని దానికి భయం కాకుంట చూద్దాం అంది, నువ్వు సమ్మెల ఉన్నవు కదా బిడ్డా అన్నాను, దవాఖాన తాళం తియ్యనక్కా, నా వంటింటికి సమ్మె లేదు కదా అంది, అలా వచ్చాం ఇక్కడికి, శిబిరం ఉన్న వీధిలోనే ఇల్లు, వచ్చాక కూడా ఆమె దాన్ని ముట్టుకోలేదు, కిటికీలు వేసింది, గంప నేల మీద పెట్టి మూత తీసి పక్కకు జరిగింది, చూడనట్టే కూర్చుని ఉల్లిగడ్డలు ఒలిచింది, గోరీ తల పైకెత్తి వాసన చూసి మళ్ళీ పడుకుంది, అప్పుడు గాని కత్తెర తీయలేదు, ఆ కత్తెర కూడా దానికి ముందు వాసన చూపించి.

అంతా బాగానే ఉంది, క్రీము పని చేస్తోంది, గోరీ కళ్ళు సగం మూసింది, ఇంతలో మైకు గరగరమంది, మధ్యాహ్నం కార్యక్రమం, హలో హలో మైక్ టెస్టింగ్, ఆ వెంటనే డప్పులు, నాలుగు డప్పులు ఒక్కసారిగా, గిన్నెల స్టాండులో గ్లాసులు వణికాయి, నాకు ఎంతో ఇష్టమైన దరువే అది, పట్టాల మీద ఆ దరువుకే నా గుండె పొంగింది, ఇప్పుడు మాత్రం గోరీ చెవులు తలకు అంటుకుపోయాయి, కళ్ళల్లోని ఆకుపచ్చ అంతా నలుపు మింగేసింది, నోరు తెరిచి ఎగరొప్పుతోంది, తేజస్విని చేతిలోని సూది పక్కన పెట్టేసింది, గిట్లుంటె తియ్యనక్కా, తీసినా ఫాయిదా లేదు, మళ్ళ నిన్నటి లెక్కనే వస్తది అంది, ఇంకో ఇంటికి పోదామంటే మళ్ళీ గంప, మళ్ళీ రోడ్డు, మళ్ళీ భయం, నేను లేచాను, చెప్పులు కూడా వేసుకోలేదు, శిబిరం వైపు నడిచాను, నడుస్తున్నంతసేపూ ఏమని అడగాలో వెతుక్కున్నాను, దొరకలేదు, పిల్లి కోసం ఉద్యమం ఆపమని ఏ నోటితో అడగాలి.

ఎల్లస్వామన్న మైకు దగ్గర ఉన్నాడు, మా టీచర్ల సంఘం నాయకుడు, మంచివాడే, వ్యాన్ ఎక్కించిన రోజు అందరికంటే ముందు పోలీస్ స్టేషన్‌కు వచ్చింది ఆయనే, అన్నా, జరసేపు మైకు, డప్పు బంద్ పెట్టిస్తవా, తేజస్విని డాక్టరమ్మ ఇంట్ల పిల్లికి రక్తం తీస్తాంది, బెదురుతాంది అన్నాను, ఆయనకు ముందు అర్థం కాలేదు, అర్థమయ్యాక నవ్వు ఆపుకోలేక అదంతా మైకులోనే అన్నాడు, వింటుండ్రా, మన చాందీ టీచర్ పిల్లి బెదురుతాందట, ఉద్యమం జర ఆపమంటాంది, చెల్లె, మనది సకల జనుల సమ్మె, సకల పిల్లుల సమ్మె కాదు, టెంట్ అంతా గొల్లుమంది, డప్పు కొట్టేవాళ్ళు కూడా నవ్వారు, నా చెవులు వేడెక్కాయి, ఇంటికి పోయి తలుపు వేసుకోవాలనిపించింది, కానీ కాళ్ళు కదల్లేదు, నోరు కదిలింది, ఏమన్నానో ముక్కముక్కగా గుర్తుంది, నవ్వుండ్రి అన్నాను, నన్ను పట్టాల మీదికెళ్ళి లేపినప్పుడు గూడ అవతల ప్లాట్‌ఫారం మీద జనం నవ్విన్రు, మీరు చూళ్ళే, నేను చూసిన, అన్నా, నేను లేస్త అన్న, నేనే నడుస్త అన్న, ఒక్కరన్న ఆగిండ్రా, గప్పుడు మీరందరు ఎట్ల ఉరికిండ్రు, మనిషిని గట్ల పడతారా అని లొల్లి చేసిండ్రు కదా, గదే అడుగుతాన, చేతులల్ల ఉన్న పానాన్ని ఎట్ల పడతాండ్రు అని అడుగుతాన, మనిషా పిల్లా అని కాదు, మనకు బలమున్నదని దాని మెడ విరుస్తమా, రాష్ట్రం వచ్చినంక మెల్లగ పట్టుడు నేర్చుకుంటమా, ముందు రాష్ట్రం, మెల్లగ వెనుకకా, అర్ధగంట అన్నా, అర్ధగంట మైకు లేకుంటె మన తెలంగాణ ఆగిపోతదా.

నా గొంతు పగిలింది, టెంట్‌లో నవ్వు ఆగింది గాని ఎవరూ కదల్లేదు, ఎల్లస్వామన్న మైకు పట్టుకుని అలాగే నిలబడ్డాడు, ఆయన ముఖంలో కోపమా సిగ్గా నాకు తెలియలేదు, అప్పుడు ముందు వరసలో నుంచి లచ్చమ్మ లేచింది, మున్సిపాలిటీలో వీధులూడ్చే లచ్చమ్మ, పట్టాల మీద నా పక్కనే కూర్చున్న మనిషి, అరిచి అరిచి నా గొంతుక గూడ ఎండిపోయింది, చాయ తాగొద్దా మనం, బంద్ పెట్టుండ్రయ్యా జరసేపు, పొద్దు మునిగే దాక కొట్టుకోవచ్చు అంది, అని డప్పులాయన చేతిలో పుల్లలు తీసి తన కొంగులో ముడి వేసుకుంది, ఎవరో మళ్ళీ నవ్వారు, కానీ ఈసారి నవ్వు వేరే, ఎల్లస్వామన్న మైకు వైరు పీకేశాడు, నా వైపు చూడకుండా, పో చెల్లె, జల్ది కానీయుండ్రి అన్నాడు, జల్ది కాదు అన్నా అన్నాను, ఏం మనిషిని నేను, మైకు ఆపించుకుని కూడా ఊరుకోలేదు, జల్ది కాదు, నిమ్మలంగ, దానికి ఎంతసేపు కావాలంటే అంతసేపు అన్నాను, ఆయన దండం పెట్టాడు, సరే తల్లీ, నిమ్మలంగనే.

వంటింట్లోకి వచ్చేసరికి తేజస్విని గంప మీద పల్చటి తువ్వాలు కప్పి కూర్చుని ఉంది, సైగ చేసింది, నేను కూర్చున్నాను, వీధి అంతా నిశ్శబ్దం, ఎక్కడో చాయ గ్లాసుల చప్పుడు, గోరీ ఊపిరి మెల్లమెల్లగా దారిలో పడింది, అప్పుడు తేజస్విని నా వేలికి పాల మీగడ రాసి దాని ముక్కు దగ్గర పెట్టమంది, నెల రోజులుగా సరిగా తినని పిల్లి ఏం నాకుతుందిలే అనుకున్నాను, నాకింది, గరుకు నాలుకతో, ఒక పక్క నుంచే నాకింది, తల తువ్వాలు కిందే ఉంది, ఒళ్ళు గంపలోనే ఉంది, తేజస్విని ఒక్క వెనక కాలు మాత్రం బయటికి తీసుకుంది, లాగలేదు, తీసుకుంది, గుడ్డ విప్పి, క్రీము తుడిచి, తొడ మీద బొటనవేలితో సున్నితంగా నొక్కితే తెల్లని తోలు కింద నీలం గీత ఒకటి తేలింది, చీమ కాలంత సన్నటి సూది, నేను కళ్ళు మూసుకున్నాను, మూసుకుని గోరీ అరుపు కోసం ఎదురుచూశాను, నా భుజాలు రెండూ చెవుల దాకా లేచాయి, నాలుక నా వేలి మీద కదులుతూనే ఉంది, కదులుతూనే ఉంది, అయిపోయిందక్కా అంది తేజస్విని, దూది పెట్టి వేలితో అదిమి పట్టుకుని, అయిపోయిందా, కళ్ళు తెరిచి చూశాను, సన్నటి గొట్టంలో ఎర్రగా రక్తం, గంపలో పిల్లి మీగడ అయిపోయిన వేలిని ఇంకా నాకుతోంది, ఇంతేనా అన్నాను, గింతే అక్కా అంది.

గింతే, నాకు సంతోషం రావాలి కదా, రాలేదు, కోపం వచ్చింది, నిన్నటికంటే పెద్ద కోపం, ఇది కుదరని పని అయితే నేను ఓర్చుకునేదాన్ని, ఇంకో దారి లేదు కాబట్టి మెడ విరిచారని సరిపెట్టుకునేదాన్ని, దారి ఉంది, అరకప్పు మీగడ, ఒక తువ్వాలు, మూసిన కిటికీ, కొంచెం ఓపిక, ఇందులో ఏది లేదు ఆ డాక్టర్ దగ్గర, క్రీము మందుల షాపులోనే దొరుకుతుందట, ఏది లేదు ఆయన దగ్గర అని నేను ఇలా ఉడికిపోతుంటే తేజస్విని ఒక చుక్కను మిషన్ పట్టీకి అంటించింది, మనుషులకు చూసే ఆ చిన్న మిషనే, అంకెలు లెక్కపెట్టుకుంటూ వచ్చి ఆగాయి, ఆమె మిషన్‌ను నా వైపు తిప్పింది, నూట పద్దెనిమిది, నాకు చదవడం తప్పిందేమో అనుకున్నాను, నూట పద్దెనిమిదే, నా అనుమానం గిదే అక్కా అంది, పిల్లి బాగ బెదిరితే రక్తంల షుగర్ ఎగబాకుతది, పాణం దక్కించుకునేటందుకు ఒళ్ళే గట్ల చేస్తది, నిన్న ఆయన చూసింది రోగం కాదు, భయం, దీనికి షుగర్ లేదు, నువ్వు ఇయ్యాల పొద్దుగాల ఇన్సులిన్ ఇచ్చుంటే ఉన్న షుగర్ పడిపోయి, ఫిట్స్ వచ్చి అంటూ ఆగిపోయింది, మిగతాది చెప్పలేదు, అక్కర్లేదు, పొద్దున గోరీ బీరువా మీద నుంచి బుస్సుమనకపోతే ఆ సూది నేనే నా చేత్తో ఇచ్చేసేదాన్ని, తర్వాత ఆమె దాని పెదవిని కొంచెం ఎత్తి చూపించింది, లోపల దవడ పన్ను విరిగి, చుట్టూ చిగురు ఎర్రగా ఉబ్బి చీము పట్టి ఉంది, అందుకేనక్కా తింటలేదు, నోరు మండుతాంది గనక నీళ్ళ కాడ కూసుంటాంది, పన్ను తీస్తే మంచిగైతది, మత్తిచ్చి తీస్తా, తక్కిన రక్తం కిడ్నీల పరీక్షకు పంపుతా, అన్ని చూసినంకనే తీస్తా అంది, పన్ను, ఒక్క పన్ను, నోరు తెరిచి చూసిన పాపాన పోలేదు ఆయన, మూడుసార్లు గుచ్చాడు గాని నోరు చూడలేదు, ఒక్కసారి సూది గురించి మాత్రం చెప్పాడు, పోతాను, సాయంత్రమే పోతాను ఆయన దగ్గరికి, ఈ నూట పద్దెనిమిది చెబుతాను, అరవను, కూర్చోబెట్టి చెబుతాను, క్రీము పేరు కూడా చెబుతాను, వినకపోతే రేపూ పోతాను.

కిటికీ మీద టకటకమని చప్పుడు, లచ్చమ్మ, అయ్యిందా బిడ్డా, ఇగ కొట్టుమంటవా అని అడుగుతోంది, అయ్యిందవ్వా, కొట్టుమను అన్నాను, తేజస్విని గంప మీద మూత పెట్టి, దాని మీద రెండు దుప్పట్లు వేసి, గంపను లోపలి గదిలోకి తీసుకుపోయింది, డప్పు మొదలైంది, నేను వంటింట్లో ఒక్కదాన్నే మిగిలాను, కోపం అంతా ఎక్కడికి పోయిందో తెలియలేదు, చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చున్నాను, బీక్యాకు చెప్పనిది, ఎల్లస్వామన్నకు చెప్పనిది, పట్టాల మీద నా పక్కన కూర్చున్న లచ్చమ్మకు కూడా చెప్పనిది ఒకటి నా లోపల ఉంది, ఆ రోజు పోలీస్ స్టేషన్‌లో విడిచిపెట్టే ముందు సంతకం పెట్టమన్నారు, పెన్ను పట్టుకున్నాను, వేళ్ళు వణికిపోయాయి, చాందీ అనే రెండక్షరాలు కాగితం మీద పురుగు పాకినట్టు వచ్చాయి, బల్ల అవతల కూర్చున్నాయన దాన్ని పైకెత్తి అందరికీ చూపించి, టీచరట, తండా నుంచి వచ్చినోళ్ళకు నౌకర్లిస్తే గిట్లనే ఉంటది, సంతకం గూడ వస్తలేదు అన్నాడు, అందరూ నవ్వారు, నేను తల వంచుకున్నాను, అంతకంటే సిగ్గుచేటు, నేను నమ్మాను, ఇంటికి వచ్చి తలుపు వేసుకుని నా పేరును పేజీల నిండా రాసి చూసుకున్నాను, వంకర లేకుండా వస్తోందా లేదా అని, నాలోనే ఏదో లోపం ఉందేమో, మా తండా నా వేళ్ళల్లో అలాగే మిగిలిపోయిందేమో అని, ఇన్ని రోజులుగా ఎవరి ముందైనా పెన్ను పట్టుకోవాలంటే భయపడ్డాను, నలుగురు మనుషులు నా చేతులు మెలిపెట్టి మోసుకుపోయి గంట కూడా కాకముందే నా చేతికి పెన్ను ఇచ్చారు, తాము పెట్టిన వణుకును చూసి అది నా చదువు అన్నారు, డప్పు కిటికీ రెక్కలను అదరగొడుతోంది, నా వేళ్ళు మాత్రం నిలకడగా ఉన్నాయి, మూడువందల పన్నెండు గోరీది కాదు, ఆ వంకర సంతకం నాది కాదు.